సర్వరమ్మ సెలవు

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆఫీసు హాజరు పట్టీలో భద్రంగానే ఉంది. దాన్ని వాడినవాళ్ళే లేరు. బస్సు డ్రైవర్ల దగ్గర్నుంచి పెద్ద మేనేజరు దాకా అందరికీ ఆవిడ సర్వరమ్మ. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం "మేడమ్" అంటారు, రెండో వారం చాటుగా "సర్వరమ్మ" అంటారు, నెల తిరిగేసరికి మొహం మీదే అనేస్తారు. ఆవిడ ఏమీ అనుకోదు. అనుకోవలసిన విషయాలు ఆవిడకు వేరే చాలా ఉన్నాయి.

ఆఫీసు బస్సు డిపో పై అంతస్తులో ఉంది. కింద బస్సు స్టార్టు చేస్తే పైన బల్ల మీద టీ గ్లాసులు గలగలమంటాయి. ఊళ్ళో రెండు వందల పన్నెండు బస్టాపుల్లో వెలుగు బోర్డులున్నాయి. ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో వాటిలో కనిపిస్తుంది. ఆ అంకెలన్నీ సర్వరమ్మ గదిలో మూలనున్న నల్లటి పెట్టె నుంచి పోతాయి. అదే సర్వరు. ఆ పెట్టె కాస్త కునుకు తీసిందంటే ఊరు ఊరంతా మెడలు సాచి రోడ్డు మలుపు వైపు చూడాల్సిందే. ఆ తర్వాత డిపోకు ఫోను చేసి, ఎవరు దొరికితే వాళ్ళని తిట్టాల్సిందే.

ఈ పని ఆవిడ చదువుకుని వచ్చింది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట టైపిస్టుగా చేరింది. ఆఫీసుకు మొట్టమొదటి కంప్యూటరు వచ్చిన రోజు పదిమంది దాని చుట్టూ చేరి చూశారు గానీ ఒక్కరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే చెడిపోతుందని భయం, చెడిపోతే తమ మీదికి వస్తుందని అంతకంటే భయం. అప్పటి మేనేజరు నాలుగు వైపులా చూసి, "నీకు టైపు వచ్చుగా, దీన్నీ నువ్వే చూసుకో" అన్నాడు. సైకిలు తొక్కడం వచ్చినవాడికి రైలింజను అప్పగించడం లాంటి తర్కం అది. అయినా ఆవిడ కాదనలేదు. పెట్టెతో పాటు వచ్చిన తలగడంత లావు పుస్తకాన్ని, పక్కనే ఒక నిఘంటువును పెట్టుకుని మూడు నెలలు చదివింది. నాలుగో నెలలో ఒక రోజు పొద్దున్నే దాన్ని పూర్తిగా పడగొట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళకు మళ్ళీ తనే లేపింది. ఆ సంగతి తొమ్మిదేళ్ళ దాకా ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ పూట ఆవిడకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. పడిపోయినదాన్ని లేపడంలో ఉన్న రుచి మరిగాక ఇక టైపు మిషను మొహం చూడబుద్ధి కాలేదు.

తర్వాత్తర్వాత ప్రోగ్రాములు రాసే ఇంజనీర్లు వచ్చారు. పెద్ద పెద్ద చదువులు చదివి, కీబోర్డు మీద వేళ్ళు పరుగులు తీయించేవాళ్ళు. వాళ్ళు రాసిన ప్రోగ్రాము వాళ్ళ కంప్యూటరులో ముత్యంలా నడిచేది, సర్వరు మీదికి రాగానే చతికిలబడేది. "నా దగ్గర బాగానే పనిచేస్తోంది మేడమ్" అనేవారు. సర్వరమ్మకు ఒళ్ళు మండేది.

"అయితే నీ కంప్యూటరు పట్టుకెళ్ళి బస్టాపులో కూర్చో నాయనా, జనానికి నువ్వే చూపించు" అనేది. ఆ కోపం చల్లారాక, "పిల్లాణ్ణి కనగానే అయిపోయిందా? పెంచేదెవరు?" అంటూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేది. అక్కడి నుంచి పాఠం మొదలు.

ఇప్పుడు ఆవిడ దగ్గర ఇద్దరు ఇంజనీర్లున్నారు. ఒకడు తొందరబాబు. ఇంటర్నెట్టులో కనిపించిన కమాండునల్లా కాపీ చేసి, చదవకుండా అతికించేసే ఘనుడు. చేరిన రెండో రోజే అలా అతికించి తన కంప్యూటరులో ఉన్నదంతా తనే తుడిచేసుకున్నాడు. మూడో రోజు అమాయకంగా వచ్చి, "మేడమ్, ఏదో చిన్న సమస్య" అన్నాడు. రెండో ఆమె నిదానమ్మ. ఆమె తెర మీద వచ్చిన ప్రతి అక్షరమూ చదువుతుంది, చదివాక ఆలోచిస్తుంది, ఆలోచించాక నీళ్ళు తాగి మళ్ళీ చదువుతుంది. ఈలోగా తొందరబాబు మూడు తప్పులు చేసి నాలుగోదానికి సిద్ధంగా ఉంటాడు. పేర్లు పెట్టింది సర్వరమ్మే. ఇద్దరూ ఆ పేర్లతోనే స్థిరపడిపోయారు.

వాళ్ళకు ఆవిడ నేర్పిన మొదటి పాఠం మూడు ప్రశ్నలు. ఎంటర్ నొక్కే ముందు ప్రతిసారీ వేసుకోవాలి: నేనెక్కడున్నాను? నేనెవరిని? ఏం చేయబోతున్నాను? ఎక్కడంటే, ఈ తెర మీద కనిపిస్తున్నది అసలు సర్వరా, ఆడుకునే మెషీనా అని. ఎవరంటే, మామూలు మనిషిగా వచ్చానా, అన్ని అధికారాలూ ఉన్న పెద్దమనిషిగా వచ్చానా అని. మూడోది ఎటూ తెలుస్తూనే ఉంది. ఒకసారి ఇంట్లో ఫోనులో ఎవరికో ఇది చెబుతుంటే విని, బట్టలు కుడుతున్న ఆవిడ అక్క చేతిలో సూది ఆపి, "నీ ఉద్యోగం కంప్యూటర్లదనుకున్నానే, సన్న్యాసుల మఠంలోదా?" అంది.

రెండోది చెడగొట్టే బుధవారం. గదిలో ఆడుకోవడానికి ఒక పాత మెషీను ఉంది. ప్రతి బుధవారం పొద్దున సర్వరమ్మ అందరికంటే ముందొచ్చి దాన్ని ఏదో ఒక విధంగా చెడగొట్టి పెడుతుంది. ఒక వారం చెత్త ఫైలుతో డిస్కు నింపేస్తుంది. ఒక వారం ఏదో ఫోల్డరుకు ఎవరూ తెరవలేకుండా తాళం వేస్తుంది. ఇంజనీర్లు వచ్చి దాన్ని బాగుచేయాలి. ముందుగా చేయాల్సింది లాగ్ చదవడం. మెషీను తనకేం జరిగిందో నిమిషనిమిషానికీ రాసుకునే దినచర్యే లాగ్. "అది నోరు తెరిచి ఎక్కడ నొప్పో చెబుతుంటే, వినకుండా మందు వేస్తావేం?" అని ఆవిడ తొందరబాబుకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అతను విన్నాడు, తలాడించాడు, ఆ మరుసటి బుధవారం రెండు గంటలపాటు ప్రోగ్రాములో ఎనిమిది చోట్ల మార్పులు చేశాడు. చివరికి చూస్తే మెషీను వెనకాల నెట్‌వర్కు వైరును సర్వరమ్మ పీకేసి ఉంచింది. నిదానమ్మ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఆ రోజు టీ గ్లాసులన్నీ తొందరబాబే కడిగాడు.

ఇంత చక్కగా నేర్పే మనిషికి ఒక్క జబ్బుంది. సెలవు పెట్టలేదు.

సర్వరమ్మా, వాళ్ళ అక్కా ఒకే ఇంట్లో ఉంటారు. రెండో అంతస్తు, కిటికీ కిందే బస్టాపు. అక్క నలభై ఏళ్ళు దర్జీ పని చేసింది. ఈ ఊళ్ళో సగం మంది డ్రైవర్ల యూనిఫారాలు ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. "నేను పెళ్ళి వద్దనుకున్నాను, దానికేమో సర్వరుతో అయిపోయింది" అని ఇరుగుపొరుగులకు చెబుతుంది. అక్కకు ఒకటే కోరిక. రైల్లో ఏడు గంటలు వెళ్ళి, అక్కడ లాంచీ ఎక్కి దాటితే వచ్చే చిన్న దీవిలో పన్నెండు రోజులు చెల్లెలితో గడపాలి. పదకొండేళ్ళుగా అడుగుతోంది.

మొదటిసారి రైలెక్కారు. రెండో స్టేషనులో ఫోను మోగింది, బోర్డుల్లో నిన్నటి టైములు పడుతున్నాయని. సర్వరమ్మ దిగిపోయింది, వెనకే అక్కా దిగింది. ఇంకోసారి టిక్కెట్లు కొన్నాక కరెంటు మరమ్మతులని ప్రయాణం ఆగింది. మూడోసారి పెట్టెలు గుమ్మం దాకా వచ్చాక పిలుపొచ్చింది. ఆవిడ పరుగున ఆఫీసుకు చేరేసరికి సమస్య దానంతటదే సర్దుకుంది. తర్వాత అక్క లెక్కపెట్టడం మానేసింది.

ఈ ఏడు మాత్రం కుండబద్దలు కొట్టింది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా రెండు టిక్కెట్లు తెచ్చి కంచం పక్కన పెట్టింది. "వచ్చే శుక్రవారం పొద్దున్నే రైలు. ఫోను ఇంట్లో సొరుగులో పెట్టి వస్తావు. ఈసారి రాలేదనుకో, నేనొక్కదాన్నే వెళ్తాను. మళ్ళీ జన్మలో నిన్ను రమ్మనను."

"అది కాదక్కా, పిల్లలింకా..."

"ఏం పిల్లలే? ఒకడికి నెత్తిన వెంట్రుకలు పల్చబడుతున్నాయి. నువ్వు వాళ్ళకి అన్నీ నేర్పానంటావుగా?"

"నేర్పాను."

"మరి అసలు సర్వరు పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది?"

సర్వరమ్మ మజ్జిగ కలుపుకోవడంలో మునిగిపోయింది.

"అదీ సంగతి! వాళ్ళకి గట్టు మీద ఈత నేర్పి, చెరువుకి తాళం వేసుకుని కూర్చున్నావ్."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. నిజమే, ఆడుకునే మెషీనులో ఆ ఇద్దరూ రాజులు. అసలు సర్వరులో మాత్రం ప్రతి చిన్నదానికీ ఆవిడ వచ్చి కీబోర్డు ముందు కూర్చోవాలి. వాళ్ళ మీద నమ్మకం లేకనా అంటే, కాదు. ఆ రాత్రంతా దొర్లి దొర్లి సర్వరమ్మ తనతో తనే నిజం ఒప్పుకుంది. తను లేకపోయినా బోర్డులు వెలిగితే, ముప్పై ఒక్క ఏళ్ళు తనెందుకున్నట్టు? అదీ ఆవిడ భయం. సిగ్గుపడాల్సిన భయమే గానీ ఉన్నదాన్ని లేదనుకోలేదు. పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళని వాదించే రకం కాదు ఆవిడ. తప్పు కనిపిస్తే దిద్దుకునే మనిషి. సోమవారం ఆఫీసుకు వెళ్ళి ఇద్దరినీ పిలిచి చెప్పేసింది.

"బుధవారం ఆఖరి పరీక్ష. ఆ నల్లపెట్టె కాలిపోయిందనుకోండి. పక్క భవనంలోని బ్యాకప్ మెషీనులో రోజూ ఒక కాపీ దాస్తున్నాంగా, అది తీసి, ఇదిగో ఈ ఖాళీ మెషీను మీద అంతా మళ్ళీ నిలబెట్టాలి. వరండాలో ఉన్న పరీక్ష బోర్డులో బస్సుల టైములు పడాలి. ఆ ఒక్క రోజుకీ అన్ని తలుపులూ మీకు తెరిచి ఉంచుతాను. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, నోరెత్తను. ఒంటిగంటలోపు అయితే తాళాలు మీవి, నేను శుక్రవారం రైలెక్కుతాను. కాకపోతే టిక్కెట్లు చింపేస్తాను."

"నోరెత్తరా?" అన్నాడు తొందరబాబు. పరీక్ష కన్నా ఆ విషయమే అతనికి నమ్మశక్యంగా లేదు.

నోరెత్తకుండా చూసే బాధ్యత అక్క తీసుకుంది. బుధవారం తొమ్మిదికల్లా చేతిలో ఒక కొత్త చొక్కా, గుండీల డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చేసింది. చెల్లెలి పక్కనే కుర్చీ వేసుకుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కింద బస్సులు బయల్దేరుతున్నాయి, గ్లాసులు గలగలమంటున్నాయి. తొందరబాబు కీబోర్డు ముందు, నిదానమ్మ పక్కన.

గంటలో ఖాళీ మెషీను మీద కావలసిన సామగ్రి అంతా ఎక్కించారు. సర్వరమ్మ రాసిపెట్టిన నోట్సు ముందుంచుకుని వరుసగా చేసుకుపోయారు. నోట్సులో ఒకచోట మెట్టు ఎగిరిపోయింది. అది తనకు కంఠతా వచ్చు కాబట్టి ఆవిడ రాయలేదు. చెప్పబోయి నోరు తెరిచింది; అక్క తొడ మీద గిల్లింది. ఈలోగా తెర మీద వచ్చిన ఎర్రటి వాక్యాన్ని నిదానమ్మ రెండుసార్లు చదివి ఆ మెట్టు తనే కనుక్కుంది. పెన్సిలుతో నోట్సులో చేర్చింది కూడా. సర్వరమ్మకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇక బ్యాకప్ మెషీను తెరిచారు. తొందరబాబు ఆఖరి కాపీ తేదీ చదివాడు. మళ్ళీ చదివాడు. అతను ఏదైనా రెండుసార్లు చదవడం ఆ గదిలో అదే మొదలు.

"ఇదేంటి? ఆఖరి కాపీ నలభై మూడు రోజుల కిందటిది."

ఆ నలభై మూడు రోజుల్లో పద్దెనిమిది కొత్త స్టాపులు చేరాయి, సగం బస్సుల టైములు మారాయి. నిజంగానే నల్లపెట్టె కాలిపోయి ఉంటే అవన్నీ గాలికి పోయినట్టే. సర్వరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రోజూ పొద్దున ఆరింటికి "బ్యాకప్ పూర్తయింది" అని ఆవిడకు మెయిలు వస్తూనే ఉంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆవిడ రోజూ దాన్ని చూసి సంతోషించి పక్కన పెడుతూనే ఉంది.

"మెయిల్ వస్తోందిగా," అన్నాడు తొందరబాబు. "అంటే కాపీ ఎక్కడికో వెళ్తోంది. మరి ఎక్కడికి?"

మంచి ప్రశ్న. నిదానమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, కాపీలు పడే ఫోల్డరు ఏ డిస్కులో ఉందో చెప్పే కమాండు కొట్టింది. జవాబు వచ్చింది. ఉన్నది పక్క భవనంలో కాదు, నల్లపెట్టెలోనే. నలభై మూడు రోజుల కిందట కరెంటు పనులకని అన్నీ ఆపి మళ్ళీ వెలిగించారు. నల్లపెట్టె ముందు లేచింది, బ్యాకప్ మెషీను తర్వాత లేచింది. ముందు లేచినది తర్వాత లేచినదాని చేయి అందుకోలేదు; పక్క భవనంలోని డిస్కు ఆ ఫోల్డరుకు తగులుకోనే లేదు. కానీ ఫోల్డరు పేరు మాత్రం అలాగే ఉంది కదా, కాపీలు చేసే ప్రోగ్రాము పాపం నమ్మకంగా అందులోనే వేస్తూ వచ్చింది. ఇల్లు కాలిపోతే పనికొస్తాయని తీయించిన కాగితాల నకళ్ళను అదే ఇంట్లో అదే బీరువాలో దాచినట్టయింది.

"అంటే మొన్నటి కాపీ, నిన్నటి కాపీ అన్నీ ఇక్కడే ఉన్నాయి! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం," తొందరబాబు ఉత్సాహంగా వేళ్ళు విరుచుకున్నాడు. "ఇంకేం, ఆ బ్యాకప్ డిస్కు ఇప్పుడే తగిలించేస్తా."

సర్వరమ్మ కుర్చీ అంచుకు జరిగింది. డిస్కును ఆ ఫోల్డరుకు తగిలిస్తే, ఇప్పుడు అందులో ఉన్న కాపీలు దాని వెనకాల కనపడకుండా పోతాయి. గోడ మీది బొమ్మకు అడ్డంగా బీరువా జరిపినట్టు. బొమ్మ ఎక్కడికీ పోదు, కానీ లేదనుకుంటారు. ఆ మీదట తొందరబాబు చేసే హడావుడిలో ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆవిడ లేవబోయింది. అక్క చొక్కా వదిలేసి చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"కూర్చో."

"అక్కా, నీకు తెలీదు, వాడు..."

"కూర్చోమన్నానా!"

తొందరబాబు వేలు ఎంటర్ మీద ఉంది. నిదానమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ముందు వీటిని వేరే చోటికి తీసి, తర్వాత తగిలిద్దాం. లేకపోతే దాని వెనకాల ఉండిపోతాయి."

తొందరబాబు ఒక క్షణం ఆలోచించాడు, వేలు వెనక్కి తీసుకున్నాడు. "అవును," అన్నాడు. అంతే. ఆ చిన్న మాట వినగానే సర్వరమ్మకు కళ్ళు చెమర్చాయి. దుఃఖం కాదది, పట్టరాని సంతోషం. గుండీలు కుట్టే అక్కకు మాత్రం అర్థం కాలేదు. "ఏమైంది? పాడైందా?" అని గుసగుసగా అడిగింది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

తర్వాత పనంతా చకచకా సాగింది. కాపీలు పక్కకు తీశారు, డిస్కు తగిలించారు, కాపీలు అందులోకి చేర్చారు, నిన్నటిదాన్ని ఖాళీ మెషీను మీద విప్పారు. వేగం కావలసిన చోట తొందరబాబు, చూపు కావలసిన చోట నిదానమ్మ. పన్నెండున్నరకు వరండాలో బోర్డు ఒకసారి మిణుకుమని వెలిగింది. ఏడో నంబరు బస్సు నాలుగు నిమిషాలు. నలుగురూ వరండాలోకి పరుగెత్తి, రెయిలింగు మీదుగా వంగి, ఏడో నంబరు బస్సు నాలుగు నిమిషాల్లో డిపో గేటులోకి తిరిగేదాకా నిలబడ్డారు. తిరిగింది. అక్క అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. డ్రైవరు తన గురించే అనుకుని చెయ్యి ఊపాడు.

గదిలోకి వచ్చాక సర్వరమ్మ మాట్లాడింది. మూడున్నర గంటల తర్వాత పిల్లలతో మొదటి మాట.

"తప్పు నాది. మెయిల్ నమ్మొద్దు, తెరిచి చూడండని మీకు వందసార్లు చెప్పి, నేను నలభై మూడు రోజులు తెరిచి చూడలేదు." టిక్కెట్లున్న అక్క సంచీ వైపు చూసింది. "ఇలాంటి పరిస్థితుల్లో నేను వదిలేసి వెళ్ళడం బాగుండదు. ఇంకేమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చూడాలి."

అక్క గుండీల డబ్బా మూత ఠక్కున మూసింది. అయితే ఆమె నోరు తెరవక ముందే నిదానమ్మ, మామూలుగా ఒక వాక్యానికి అరనిమిషం తీసుకునే నిదానమ్మ, చప్పున అనేసింది.

"మీరున్నప్పుడే కదా మేడమ్ ఇది జరిగింది."

అని నాలుక కరుచుకుంది. తొందరబాబు కిటికీలోంచి బయటకు చూశాడు, దూకడానికి ఎత్తెంతో అంచనా వేస్తున్నట్టు. సర్వరమ్మ ఆ అమ్మాయి మొహంలోకి చూసింది, చూసి చూసి పకపకా నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపలా ఒక్క వాక్యంలో తేలిపోయింది! తను కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఏ తప్పూ ఆగలేదు. ఈ ఇద్దరి కళ్ళు పడితేనే దొరికింది.

"నిజమేనే తల్లీ," అంది నవ్వుల మధ్య. "నేనుండి ఊడబొడిచింది ఇదా!"

మధ్యాహ్నం వాళ్ళకు తాళాలిచ్చింది. తన పాస్‌వర్డు కాగితం మీద రాసివ్వడం లాంటి పని కాదు, అలా ఇచ్చేవాళ్ళంటే ఆవిడకు అసహ్యం. ఎవరి పేరున వాళ్ళకు వేరే తాళం చేసింది, ఎవరేం చేసినా వాళ్ళ పేరుతోనే లాగ్‌లో పడేలా. అంతకుముందే తొందరబాబు బ్యాకప్ ప్రోగ్రాముకు మూడు వరుసలు కలిపాడు. డిస్కు నిజంగా తగిలి ఉందా, కాపీ తేదీ ఇవాళ్టిదేనా అని చూసుకున్నాకే ఇక మెయిలు వస్తుంది. లేకపోతే ముగ్గురి ఫోన్లూ ఒకేసారి అరుస్తాయి. "నా ఫోను తీసెయ్. పన్నెండు రోజులు మీ ఇద్దరివే," అంది సర్వరమ్మ.

శుక్రవారం రైలు కదిలింది. రెండో స్టేషను వచ్చింది, పోయింది. అక్క అప్పటిదాకా చెల్లెలి చీర కొంగు గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. అది వదిలాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

దీవి మీద మొదటి రెండు రోజులు ఎక్కడ గంట మోగినా సర్వరమ్మ ఉలిక్కిపడేది. లాంచీ గంట, సైకిలు గంట, ఆఖరికి మేక మెడలో గంట. మూడో రోజు లాంచీ టిక్కెట్ల మెషీను మొరాయిస్తుంటే ఆవిడ కాళ్ళు అటువైపు తిరిగాయి. అక్క జబ్బ పట్టి ఇసుకలోకి ఈడ్చుకుపోయింది. ఆరో రోజు సాయంత్రం ఇద్దరూ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉండగా, పొద్దుట్నుంచీ తనకు సర్వరు సంగతే గుర్తు రాలేదని ఆవిడకు తట్టింది. ఆ మాట చెబితే అక్క ఏమీ అనకుండా ఇన్ని నీళ్ళు తీసి మొహాన కొట్టింది. ఆ తర్వాత జరిగింది యాభై ఆరేళ్ళ మనిషి, అరవై మూడేళ్ళ మనిషి చేయాల్సిన పని కాదు. ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

తిరిగొచ్చిన మర్నాడు ఉదయం ఆవిడ ఆఫీసు మెట్లెక్కింది. గది శుభ్రంగా ఉంది, నల్లపెట్టె బుద్ధిగా గుర్రుమంటోంది. ఇంజనీర్లింకా రాలేదు. సర్వరును ఎవరు ముట్టుకున్నా ఎన్నింటికి ఏం చేశారో రాసే ఒక పుస్తకం అక్కడ బల్ల మీద ఉంటుంది. ఆవిడ దాన్ని తెరిచి వెనక్కి తిప్పుకుంటూ పోయింది. తను వెళ్ళిన నాలుగో రోజు పేజీ నిండా రాత ఉంది, నిదానమ్మ దస్తూరీ.

"10.40. బోర్డులన్నీ ఆరిపోయాయి. లాగ్ చూశాం. డిస్కు నిండిపోయింది.

10.47. నింపింది నిన్న మేం పెట్టిన కొత్త ప్రోగ్రామే. అక్కర్లేనివన్నీ రాసేస్తోంది. దాన్ని ఆపాం.

10.52. సర్వరమ్మ గారికి కబురు పెడదామా అని తొందరబాబు అడిగాడు. ఎందుకు, ఏం చేయాలో మనకు తెలుసుగా అన్నాను. అవును అన్నాడు.

11.06. 212 బోర్డులూ వెలిగాయి. రేపట్నుంచి డిస్కు నూటికి ఎనభై వంతులు నిండగానే చెప్పేలా పెట్టాం."

సర్వరమ్మ 10.52 దగ్గర మళ్ళీ చదివింది. మనసులో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది, కాదంటే అబద్ధం. ఆ చురుకు ఎంతసేపు ఉంటుందో చూద్దామని కుర్చీలో కూర్చుంది. కింద మొదటి బస్సు స్టార్టయింది. టీ గ్లాసులు ఇంకా మోగుతుండగానే ఆవిడకు నవ్వొచ్చేసింది. ఒంటరిగా ఉన్న గదిలో, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్న ధ్యాస కూడా లేకుండా, ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. తన పిల్లలు చెరువు దాటేశారు. వెనక్కి తిరిగి గట్టు మీద తను ఉందా లేదా అని చూసుకోకుండా దాటేశారు. ఇంతకంటే తను నేర్పాలనుకున్నదేముంది?

ఫోను తీసి ఇంటికి చేసింది. చాలాసేపు మోగాక అక్క ఎత్తింది, ఆయాసపడుతూ.

"ఏమైందే? బోర్డులు ఆరిపోయాయా?"

"లేదక్కా. మళ్ళీ ఎప్పుడు వెళ్దాం?"

అటువైపు అక్క అరిచింది, కోపమో సంతోషమో తెలియకుండా.

"ఒసేయ్, తీగ మీద ఇంకా బట్టలైనా ఆరలేదే!"